మలేరియా మాత్ర క్యాన్సర్‌కు: తేల్చాల్సింది ప్రభుత్వమే

పెద్దపేగు క్యాన్సర్ వచ్చిన భార్యకు ఆర్టిసునేట్ మాత్రలు ఇప్పించమని దుమ్ముగూడెం వైపు నుంచి ఒకాయన నన్ను అడిగాడు. ఫోన్లో వీడియో చూశాడట. చర్ల అవతల ఛత్తీస్‌గఢ్ సరిహద్దు గూడేల్లో మలేరియా పరీక్షకు రక్తపూతలు తీస్తూ రిటైరైనవాణ్ని కదా, నా దగ్గర ఆ మాత్రలుంటాయనుకున్నాడు.

ఆయన విన్నదాంట్లో కొంత నిజముంది. లండన్ సెయింట్ జార్జెస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పెద్దపేగు క్యాన్సర్ రోగులకు ఆపరేషన్‌కు ముందు 14 రోజులు ఆర్టిసునేట్ ఇచ్చి, 2014లో ఫలితాలు వెల్లడించారు. సుమారు మూడున్నరేళ్లలో మందు వేసుకున్నవాళ్లలో ఒకరికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో ఆరుగురికి జబ్బు తిరగబెట్టింది. మలేరియా క్రిమి హిమోగ్లోబిన్ తిన్నప్పుడు బయటపడే ఇనుమే ఈ మందును రగిలించి క్రిమిని చంపుతుంది. క్యాన్సర్ కణాలకూ ఇనుము ఆకలి ఎక్కువ.

కానీ ఆ పరీక్షలో ఉన్నది పట్టుమని పాతికమంది కూడా కాదు. ఇలాంటి కొద్దిపాటి ఆధారంతోనే 2020లో కరోనాకని హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మలేరియా మందు కోసం జనం ఎగబడితే లూపస్, కీళ్లవాతం రోగులకు రోజూ వేసుకునే మాత్ర కరువైంది. కరోనాకు అది పనిచేయదని పెద్ద పరీక్షల్లో తర్వాత తేలింది.

మా అడవి పల్లెలకు ఇంకో భయం ఉంది. ఫాల్సిపారం (పీఎఫ్) రకం మలేరియా మెదడుకెక్కితే మనిషి దక్కడం కష్టం. పాత మందు క్లోరోక్విన్ మా కళ్లముందే పీఎఫ్ మీద చేతులెత్తేసింది. ఇప్పుడు మాకున్న ఆధారం ఆర్టిసునేట్‌తో మరో మందు కలిపి మూడు రోజులిచ్చే మాత్రలే. ఒంటరిగా వాడితే క్రిమి మొండికేస్తుందని 2009లో కేంద్రం ఆర్టిసునేట్ సహా ఆర్టెమిసినిన్ జాతి మాత్రల్ని విడిగా అమ్మడం నిషేధించింది. వీడియోలు చూసి ఎవరికివారు కొని మింగితే ఆ జాగ్రత్తంతా బూడిదలో పోసినట్టే.

అందుకే ఆర్టిసునేట్ క్యాన్సర్‌కు పనికొస్తుందో లేదో ప్రభుత్వమే తేల్చాలి. పేటెంటు లేని చౌక మందు మీద ఏ కంపెనీ కోట్లు పెడుతుంది? ఆర్టిసునేట్‌కు మూలమైన ఆర్టెమిసినిన్ పుట్టిందే ప్రభుత్వ సొమ్ముతో. 1967లో చైనా మొదలుపెట్టిన పథకంలో తూ యూయూ బృందం మన మాచిపత్రి జాతికే చెందిన మొక్క నుంచి దాన్ని తీసింది. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది. ఐసీఎంఆర్ డబ్బిచ్చి, హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో, నిమ్స్‌లో పెద్ద పరీక్ష పెట్టాలి. రోగుల రాకపోకల ఖర్చూ భరించాలి. లేకపోతే భద్రాచలం నుంచి ఎవరు వెళ్లగలరు?

లండన్ రోగులెవరూ ఆ మాత్రను నమ్ముకుని ఆపరేషన్ మానుకోలేదు. మీకు ఆపరేషన్‌కో కీమోకో తేదీ ఇచ్చి ఉంటే ఆ రోజుకు తప్పకుండా వెళ్లండి. ఆర్టిసునేట్ సంగతి అక్కడి డాక్టర్‌నే అడగండి, మందుల షాపులో కాదు.