బ్రోచర్‌లో బస్సు ఏది?

శ్రీకూర్మంలో గుడి గోడల బొమ్మలు, మన సవర బొమ్మల మీద ఓ యూనివర్సిటీ సదస్సు పెడుతోంది. బ్రోచర్ చూసేరా? "విశాఖ ఎయిర్‌పోర్ట్ నుంచి టాక్సీ." అంతే! బస్సు మాటే లేదు.

ఎయిర్‌పోర్టు నుంచి హైవే మీదికొస్తే సిటీ బస్సు. ద్వారకా బస్టాండులో శ్రీకాకుళం ఎక్స్‌ప్రెస్, అక్కడ దిగి శ్రీకూర్మం పల్లెవెలుగు. ఇది రాయడానికి రెండు లైన్లు చాలవా? 2025 ఆగస్టు 15 నుంచి వీటిల్లో మన ఆడపిల్లలకు చార్జీ కూడా లేదు (నాన్‌స్టాప్ ఎక్కకండి, అందులో చెల్లదు).

జార్ఖండ్ నుంచి పేపర్ చదవడానికొస్తున్న సంతాలీ అక్క ఫెలోషిప్ డబ్బులు టాక్సీకి పొయ్యాలా? సీతంపేట నుంచి పాలకొండ మీదుగా వచ్చే మన పిల్లలకైతే దారే రాయలేదు. బొమ్మలు మావి, కుర్చీలు కార్లోళ్లకేటి?

కమిటీకి మెయిల్ పెట్టేను. మీరూ ఈరోజే పెట్టండి.