నష్టమును లెక్కింపని చట్టము – చిన్న మదుపరి క్రమశిక్షణ

పదివేలో ఇరువదివేలో చేతబట్టుకొని క్రిప్టో విపణిలో అడుగిడు యువకునకు మన పత్రికలు కొంతకాలముగా ఒకే హితవు చెప్పుచున్నవి: ఒక్కొక్క బేరమున మూలధనములో నూటికి ఒకటి రెండు పాళ్లకు మించి పోగొట్టుకొనరాదు, స్టాప్‌లాస్ పెట్టక కొనరాదు, ఆశించు లాభము ఒడ్డిన నష్టమునకు రెట్టింపైనను ఉండవలెను. ఈ హితవులో దోషము లేదు. అయితే ఆ వ్యాసము లన్నిటను 30 శాతము పన్ను అనునది తుదిని ఒక్క వాక్యముగా కనిపించి అదృశ్యమగుచున్నది. లాభములో మూడవవంతుకు కొంచెము తక్కువగా ప్రభుత్వమునకు పోయి తక్కినది తనకు మిగులునని పాఠకుడు అనుకొనును. ఇది నిజము కాదు. చిన్న మూలధనము కలవాని క్రమశిక్షణ ఫలించునా, వికటించునా అనునది బిట్‌కాయిన్ ధరవలన కంటె ఆదాయపన్ను చట్టపు 115బిబిహెచ్ సెక్షనువలననే ఎక్కువగా నిర్ణయమగుచున్నది. 2025 నాటి కొత్త చట్టము సెక్షనుల సంఖ్యలను మార్చినదే గాని ఈ నియమమును మార్చలేదు. కావున పరిచితములైన పాత సంఖ్యలనే ఇచట వాడుచున్నాను.

2022 నాటి ఫైనాన్సు చట్టము ఈ సెక్షనును చేర్చినపుడు అందరి దృష్టియు రేటుమీదనే నిలిచెను. అసలు భారము రెండవ ఉపసెక్షనులో నున్నది. కొన్న ధర తప్ప మరే వ్యయమును తగ్గింపునకు రాదని దాని మొదటి ఖండము. ఎక్స్ఛేంజీకి కట్టిన రుసుము సైతము ఇందు పరిగణింపబడదు. రెండవ ఖండము నష్టమును గూర్చినది. ఫిబ్రవరిలో సభ ముందుంచిన బిల్లు, క్రిప్టోవంటి ఈ ‘వర్చువల్ డిజిటల్ ఆస్తుల’ (వీడీఏ) బదిలీవలన కలిగిన నష్టమును చట్టములోని ‘ఇతర’ నియమముల క్రింద లెక్కించు ఆదాయముతో సర్దుబాటు చేయరాదని మాత్రమే చెప్పెను. అనగా ఈ సెక్షను లోపల, ఒక నాణెమునందలి నష్టమును మరొక నాణెమునందలి లాభముతో సరిపుచ్చుకొనవచ్చునను వ్యాఖ్యకు తావుండెను. మార్చిలో వచ్చిన సవరణ ఆ పదమును తొలగించి ఆ తావును మూసివైచెను. ఒక ఆస్తిలోని నష్టము మరొక ఆస్తిలోని లాభమునకు చెల్లదని ఆ నెలలోనే ప్రభుత్వము లోక్‌సభకు తెలిపెను. నష్టమును మరుసటి సంవత్సరమునకు కొనిపోవుటయు నిషిద్ధమే. రిటర్నులోని వీడీఏ షెడ్యూలులో ఒక్కొక్క బదిలీకి ఒక్కొక్క వరుస. నష్టము వచ్చిన వరుసలో ఆదాయము సున్న యని వ్రాయవలెను.

పత్రికల హితవును అక్షరాలా పాటించు ఒక మదుపరి లెక్కను చూతము. 20,000 రూపాయల మూలధనముతో, ఒక్కొక్క బేరమునకు 200 రూపాయల నష్టమునకు మాత్రమే ఒప్పుకొని, 400 రూపాయల లాభమువరకు అతడు నిలిచెననుకొందము. పది బేరములలో నాలుగు గెలిచి ఆరు ఓడెను. లాభము 1,600, నష్టము 1,200, చేతికి దక్కినది 400. పన్ను మాత్రము 1,600 మీద, సెస్సుతో గూడ 31.2 శాతము, అనగా 499 రూపాయల 20 పైసలు. రుసుములను లెక్కింపకయే అతడు 99 రూపాయల 20 పైసలు చేతినుండి పెట్టుకొనవలెను. ఏ నియమమును పాటింపక, ఉన్న సొమ్మంతయు ఒక్క నాణెముమీద ఒడ్డి, అదృష్టవశమున అదే 400 సంపాదించినవాడు 124 రూపాయల 80 పైసలు కట్టి తక్కినది అనుభవించును. పన్ను లేనిచోట రెట్టింపు లాభమును లక్ష్యముగా పెట్టుకొన్నవాడు మూడింట ఒక బేరము గెలిచినను నిలద్రొక్కుకొనగలడు. ఈ సెక్షను క్రింద నూటికి నలుబదిరెండుకు పైగా గెలువవలెను. స్టాప్‌లాస్ అనగా చిన్న నష్టములను స్వచ్ఛందముగా అంగీకరించి పెద్ద నష్టమును తప్పించుకొనుట. చట్టము ఆ చిన్న నష్టముల నన్నిటిని చూడనొల్లదు. ఆదాయము కనీస పరిమితికి లోపల నున్న విద్యార్థికి సైతము ఈ లాభముమీద మినహాయింపు లేదు.

ఈ వ్యవహారము జూదమువంటిది గనుక జూదమువలెనే పన్ను వేసిరని సమర్థించువారు కలరు. లాటరీ గెలుపుల మట్టుకు ఆ సామ్యము చెల్లవచ్చును. కాని అదే చట్టమున 74ఎ సెక్షను, పందెపు గుఱ్ఱములను పోషించు యజమానికి వచ్చిన నష్టమును అదే వ్యాపకపు ఆదాయముతో సరిపుచ్చుకొనుటకై నాలుగేండ్లు కొనిపోనిచ్చుచున్నది. షేర్లను ఉదయము కొని సాయంకాలము అమ్మువాని వ్యవహారమును చట్టము స్పెక్యులేషను అనియే పిలుచుచున్నది. అతనికిని 73వ సెక్షను క్రింద స్పెక్యులేషను లాభములతో సర్దుబాటును నాలుగేండ్ల గడువును కలవు. వీరికి లభించిన న్యాయము పదివేల మదుపరికి ఏ హేతువుచే లభింపరాదో నాకు గోచరించుట లేదు.

194ఎస్ సెక్షను ప్రకారము 2022 జులై 1 నుండి అమ్మకపు మొత్తములో ఒక శాతము టీడీఎస్‌గా పోవుచున్నది. పై లెక్కలోని 20,000 రూపాయల పూర్తి మూలధనముతో పది మారులు కొని అమ్మినచో సుమారు 2,000 రూపాయలు, అనగా మూలధనములో పదవవంతు, రిటర్ను వేసి వాపసు పొందువరకు చిక్కుపడియుండును. లావాదేవీల జాడ తెలియుటకే ఇది యందురు. 2023 మార్చినుండి ఎక్స్ఛేంజీలు మనీలాండరింగు నిరోధక చట్టపు పరిధిలోనికి వచ్చినవి. 2026 ఏప్రిల్ 1 నుండి లావాదేవీల నివేదికను 2025 ఫైనాన్సు చట్టము తప్పనిసరి చేసినది. జాడకై సొమ్మును బంధించు అవసరము ఇంకను ఏమున్నది? ఇంతలో, ఫ్యూచర్స్ కాంట్రాక్టునందు ఆస్తి బదిలీ కాదు గనుక ఈ రెండు సెక్షనులును వర్తింపవను వాదము ప్రచారమునకు వచ్చినది. అది న్యాయస్థానమున నిలుచునో లేదో తేలకమునుపే చిన్న మదుపరి అటు ఆకర్షితుడగుచున్నాడు. అచట మూలధనమునకు పదింతల బేరము. క్రమశిక్షణ మొట్టమొదట వర్జింపుమనునది దానినే.

2020 మార్చి 4 నాటి సుప్రీంకోర్టు తీర్పు క్రిప్టోకు చట్టబద్ధత నిచ్చినదని వ్రాయుట మరియొక పొరపాటు. ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము పక్షమున, పూర్వము హైదరాబాదు హైకోర్టులో పనిచేసిన జస్టిస్ వి. రామసుబ్రమణియన్ వ్రాసిన ఆ తీర్పు, రిజర్వుబ్యాంకుకు అధికారము కలదని ఒప్పుకొనియే, బ్యాంకు సేవలను నిలుపుచేసిన 2018 ఏప్రిల్ 6 నాటి సర్క్యులరును కొట్టివేసెను. తాను నియంత్రించు సంస్థలకు కలిగిన హానిని బ్యాంకు చూపలేకపోయినందున ఆ చర్య అనుపాతము తప్పినదని నిర్ణయించెను. అధికారమున్నంత మాత్రమున చాలదు, చర్యకును హానికిని పొంతన యుండవలెనను ఈ సూత్రమే ఆ తీర్పునకు ప్రాణము. ఆర్థిక శాసనములకు విశేష స్వేచ్ఛ నీయవలెనని 1981 నాటి ఆర్.కె. గర్గ్ తీర్పు చెప్పియున్నందున కోర్టులు ఈ సెక్షనును సులభముగా కొట్టివేయునని నే ననుకొనను. కాని వాస్తవముగా కలుగని ఆదాయము, ఖాతాలో వ్రాయబడినను, పన్నుకు లోబడదని 1962 లో షూర్జీ వల్లభదాస్ కేసునందు అదే న్యాయస్థానము చెప్పినది. 400 సంపాదించినవానికి 1,600 ఆదాయమును ఆరోపించుట ఆ కల్పితమునకు ఎంతో దూరము కాదని నా అభిప్రాయము.

ప్రజలను ఈ విపణినుండి మరల్చుటయే ఉద్దేశమైనచో రేటును పెంచవచ్చును, నిషేధింపవచ్చును; పార్లమెంటుకు ఆ అధికారము కలదు. ఈ నియమము మరల్చుచున్నది జాగ్రత్తపరుని గాని తెగించినవానిని కాదు. 30 శాతము రేటును ముట్టనక్కరలేదు; జీతముతోను అద్దెతోను ఈ నష్టమును సరిపుచ్చరాదను భాగమును ఉంచవచ్చును. 2022 మార్చిలో తొలగించిన పదమును తిరిగి చేర్చి, మిగిలిన నష్టమును ఈ వర్గపు లాభములకే పరిమితముగా నాలుగేండ్లు కొనిపోనిచ్చినచో చాలును. అందువలన ఖజానాకు తగ్గునది ఎవనికిని రాని ఆదాయముమీద వసూలగుచున్న పన్ను మాత్రమే.