కడుపు నిండితే చాలదు, ఒంటికి పట్టాలి

"అన్నం పరబ్రహ్మ స్వరూపం" అన్నారు పెద్దలు. ఆ పరబ్రహ్మం అందరి పళ్లెంలోకీ ఒకేలా దిగిరాలేదన్న సంగతి హాస్టల్‌లో చదువుకున్న మనకు ఇంకొకరు చెప్పనక్కరలేదు. ప్రతి వార్షికోత్సవానికీ మనం చదువు గురించి, ఉద్యోగాల గురించి, పోటీ పరీక్షల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి మన పళ్లెం గురించి మాట్లాడుకుందాం. ఎందుకంటే చదువుకు మొదటి పెట్టుబడి తిండే.

ఐక్యరాజ్య సమితి సంస్థలు 2025లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2024లో ప్రపంచంలో సుమారు 67 కోట్ల 30 లక్షల మంది ఆకలితో ఉన్నారు. అదే నివేదికలో ఇంకో అంకె ఉంది. దాదాపు 260 కోట్ల మందికి ఆరోగ్యకరమైన భోజనం కొనుక్కునే స్తోమత లేదు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడా మీదనే ఈ వ్యాసం. మొదటి అంకెలో ఉన్నవారికి కడుపు నిండడం లేదు. రెండో అంకెలో ఉన్నవారిలో చాలామందికి కడుపు నిండుతోంది గానీ, ఒంటికి కావలసింది అందడం లేదు. మన కుటుంబాలు ఎక్కువగా ఈ రెండో లెక్కలో ఉన్నాయి.

బియ్యం ఇచ్చిన గౌరవం

మా నాయనమ్మ తరానికి తెల్లన్నం అంటే పండుగ కూడు. మిగతా రోజుల్లో జొన్న గటక, సజ్జరొట్టె, అంబలి. అది కూడా అందరికీ రెండు పూటలా దొరికేది కాదు. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు పేదల ఇళ్లలో కుండలోని మెతుకే కాదు, బతుకే మారింది. 2001లో ఆహార హక్కు కోసం పౌరహక్కుల ప్రజాసంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ ఏడాది నవంబరు 28న బడి పిల్లలకు వండిన భోజనమే పెట్టాలని కోర్టు ఆదేశించింది. ఆ ఆదేశాల అమలును పర్యవేక్షించడానికి 2002లో నియమించిన కమిషనర్లలో ఎస్.ఆర్. శంకరన్ ఒకరు. సాంఘిక సంక్షేమ హాస్టళ్లను తన పిల్లల ఇళ్లలా చూసుకున్న ఆ అధికారి పేరు మన హాస్టళ్లలో ప్రతి విద్యార్థికీ తెలియాలి. 2013లో ఆహార భద్రతా చట్టం వచ్చింది. 2023 జనవరి నుంచి ఆ బియ్యం ఉచితమయ్యాయి. 2025 ఉగాది నుంచి తెలంగాణలో రేషన్ షాపుల్లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు.

"ఊరికే బియ్యమిచ్చి జనాన్ని సోమరులను చేస్తున్నారు" అని తిన్నింటి వాళ్లు తీరిగ్గా అంటుంటారు. మా అమ్మ రేషన్ బియ్యం తెచ్చుకుంటూనే ఒక్కరోజు కూడా కూలి మానలేదు. బియ్యం కొనాల్సిన అవసరం లేక మిగిలిన ఆ కూలి డబ్బులే నాకు నోటు పుస్తకాలయ్యాయి, బస్సు పాసయ్యాయి. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాణ్ణి నేను. కాబట్టి నేను ఇక్కడ రాసే మాటలు బియ్యానికి వ్యతిరేకం కావు. బియ్యంతోనే పని అయిపోయిందనుకునే ఆలోచనకు వ్యతిరేకం.

అన్నం ఉంది, రక్తం లేదు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు చూడండి. తెలంగాణలో అయిదేళ్ల లోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు పెరగనివారు 2015-16లో 28 శాతం. 2019-21 నాటికి 33.1 శాతం. రక్తహీనత ఉన్న పిల్లలు 60.7 శాతం నుంచి 70 శాతానికి పెరిగారు. 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే మన అమ్మలు, అక్కచెల్లెళ్లలో సగానికంటే ఎక్కువమంది. మన రాష్ట్రంలో వరి దిగుబడి పెరుగుతూ వచ్చింది కూడా ఈ ఏళ్లలోనే! గోదాములు నిండాయి, పిల్లల ఒళ్లు నిండలేదు.

దీనికి జవాబు మనకు దగ్గర్లోనే ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఎలా పుట్టిందో మీలో ఎందరికి తెలుసు? 1918లో కూనూరులో ఒక చిన్న గదిలో, బెరిబెరి అనే వ్యాధి మీద పరిశోధన కోసం మెకారిసన్ అనే వైద్యుడు దాన్ని మొదలుపెట్టాడు. బెరిబెరి ఎక్కువగా పాలిష్ పట్టిన తెల్లబియ్యమే ఆధారంగా బతికేవారికి వచ్చేది. తవుడుతో పాటు బి1 విటమిన్ కూడా పోవడమే దానికి కారణం. మన ఉత్తర సర్కారు జిల్లాల్లో ఈ వ్యాధి బాగా ఉండేది. 1958లో ఆ సంస్థ హైదరాబాదుకు తరలివచ్చింది. అంటే "బియ్యం ఉన్నా జబ్బెందుకు?" అన్న ప్రశ్నతోనే మన దేశపు పోషకాహార శాస్త్రం మొదలైంది. నూరేళ్లు దాటినా ఆ ప్రశ్న పాతబడలేదు. 2024లో ఆ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మనకు అందే శక్తిలో తిండిగింజల వాటా 45 శాతం దాటకూడదు. మనవాళ్ల పళ్లెంలో అది సగానికి మించే ఉంటోంది. మిగతా చోటు పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూర, పండు నింపాలి. ఆ చోటే ఖాళీగా ఉంది.

మంచానికి నాలుగు కోళ్లు

1996లో రోమ్‌లో జరిగిన ప్రపంచ ఆహార సదస్సు ఆహార భద్రతకు ఒక నిర్వచనం ఇచ్చింది. దాని ఆధారంగా నాలుగు అంశాలు చెబుతారు: తిండి దొరకాలి, కొనగలగాలి, ఒంటికి పట్టాలి, ఏడాది పొడుగునా నిలకడగా ఉండాలి. మంచానికి నాలుగు కోళ్లలాంటివి ఇవి. ఒక్కటి విరిగినా పడుకున్నవాడు కింద పడతాడు. మన హాస్టల్‌కు వీటిని అన్వయించి చూద్దాం.

మొదటి కోడు, దొరకడం. గౌడవెల్లి చుట్టూ తిండికి కొదవేముంది? మేడ్చల్, శామీర్‌పేట అంటే ఒకప్పుడు ద్రాక్షతోటలు గుర్తొచ్చేవి. చాలా తోటలు వెంచర్లయిపోయినా కూరగాయలు, కోళ్లఫారాలు, పాడి ఇంకా ఉన్నాయి. 1972లో పటాన్‌చెరులో ఏర్పడిన ఇక్రిశాట్, రాజేంద్రనగర్‌లోని చిరుధాన్యాల పరిశోధన సంస్థ, తార్నాక సంస్థ, అన్నీ మనకు యాభై కిలోమీటర్ల లోపే. ప్రపంచానికి తిండి గురించి చెప్పే శాస్త్రం ఇక్కడే తయారవుతోంది. దొరకకపోవడం మన సమస్య కాదు.

రెండో కోడు, కొనగలగడం. అసలు కిటుకు ఇక్కడుంది. ఏళ్ల తరబడి కదలని మెస్ ఛార్జీలను తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు నుంచి 40 శాతం పెంచింది. నెలకు 3 నుంచి 7వ తరగతి వరకు 950 రూపాయలు 1,330 అయ్యాయి. 8 నుంచి 10 వరకు 1,100 రూపాయలు 1,540 అయ్యాయి. ఇంటర్ నుంచి పీజీ వరకు 1,500 రూపాయలు 2,100 అయ్యాయి. ఇది మంచి నిర్ణయం, మెచ్చుకోవాల్సిందే. కానీ ముప్పైతో భాగించి చూడండి. ఏడో తరగతి పిల్లవాడికి రోజుకు 44 రూపాయలు. పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం చిరుతిండి, రాత్రి భోజనం అన్నీ అందులోనే. నూనె, కందిపప్పు ధరలు ఏటా మారుతుంటాయి. ఉద్యోగుల జీతానికి ధరలతో పాటు పెరిగే కరువు భత్యం ఉంది. పిల్లల పళ్లేనికి ఎందుకు ఉండకూడదు? ఛార్జీలు పెంచని ఏళ్లలో కోత పడేది బియ్యంలో కాదు. పప్పు పలచనవుతుంది, పెరుగు మజ్జిగవుతుంది, పండు మాయమవుతుంది. కడుపు నిండుతూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ కనబడదు.

మూడో కోడు, ఒంటికి పట్టడం. ఎంత మంచి తిండి పెట్టినా నీళ్లు బాగా లేకపోతే, వంటగది శుభ్రంగా లేకపోతే, కడుపులో నులిపురుగులుంటే వృథా. 2024లో రాష్ట్రంలోని పలు ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో భోజనం చేసిన పిల్లలు ఆస్పత్రుల పాలయ్యారు. తల్లిదండ్రులు నమ్మి పంపిన చోట ఇలా జరగడం క్షమించరానిది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇందులో మన చేతిలో ఉన్నవీ కొన్ని ఉన్నాయి. ఐరన్ మాత్ర ఇస్తే పారేయకండి. అన్నం తిన్న వెంటనే టీ తాగితే తిండిలోని ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. నిమ్మకాయ పిండుకుంటే బాగా పడుతుంది. తోటకూర, పాలకూర, మునగాకు పళ్లెం అంచుకు నెట్టేయకండి.

నాలుగో కోడు, నిలకడ. హాస్టల్ తెరిచి ఉన్నన్ని రోజులు గుడ్డు, పాలు అందుతాయి. ఎండాకాలం సెలవుల్లో? ఊళ్లో కూలి పనులు తక్కువగా ఉండే ఆ రోజుల్లోనే పిల్లలు ఇంటికి చేరతారు. పచ్చడి మెతుకులతో నెలన్నర గడిపి జూన్‌లో తిరిగొస్తారు. ఈ సంగతి ఏ మెనూ చార్టులోనూ ఉండదు.

"మేం తినలేదా?" అనే అన్నలకు

మన పూర్వ విద్యార్థుల్లో కొందరు పెద్దలు అంటుంటారు: "మా రోజుల్లో నీళ్ల చారు, రాళ్ల అన్నం తినే పైకొచ్చాం. మీకు సన్నబియ్యం పెడుతున్నారు, ఇంకేం కావాలి?" వారి కష్టం మీద నాకు గౌరవం ఉంది. కానీ ఒక్క మాట అడుగుతాను. ఆ నీళ్ల చారు తిని పైకొచ్చినవారు వార్షికోత్సవ వేదిక మీద కనబడతారు. నీరసంతో క్లాసులో నిద్రపోయి, టెన్త్ తప్పి, మళ్లీ రానివారు ఎక్కడ కనబడతారు? వారిని లెక్కపెట్టినవారెవరు? మీరు గెలిచింది ఆ తిండి వల్ల కాదు, ఆ తిండి ఉన్నా గెలిచారు. మీ తర్వాత వచ్చేవారికి ఆ పరీక్ష కూడా పెట్టాలా?

చిరుధాన్యాల సంగతి కూడా ఇలాగే ఉంది. జొన్నలు, సజ్జలు తిన్నందుకు మన తాతలను నాగరికత తెలియనివారన్నారు. ఇప్పుడు అవే కొర్రలు, సామలు నగరంలో అందమైన ప్యాకెట్లలో సన్నబియ్యం కంటే ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు, ఎక్కువగా దళిత మహిళా రైతులు, 1990లలోనే బీడు భూముల్లో జొన్నలు పండించి తమ ఊళ్లలో తామే రేషన్‌గా పంచుకున్నారు. ఆ సంస్థకు 2019లో ఈక్వేటర్ బహుమతి వచ్చింది. మన హాస్టళ్లలో వారానికి రెండు పూటలు అలాంటి రైతుల జొన్నలు వండితే రైతుకూ, విద్యార్థికీ మేలు కాదా?

మనం అడగవలసినవి

ప్రజల పోషకాహార స్థాయిని పెంచడం ప్రభుత్వ ప్రాథమిక కర్తవ్యాలలో ఒకటని రాజ్యాంగం 47వ అధికరణం చెబుతోంది. కాబట్టి ఇది బతిమాలుకోవలసిన విషయం కాదు.

ఒకటి, మెస్ ఛార్జీలను ప్రతి జూన్‌లో ధరల సూచీని బట్టి సవరించాలి. రెండు, సరుకులు ఇచ్చేవారి బిల్లులు నెలనెలా చెల్లించాలి. బిల్లు ఆగితే ముందు ఆగేది గుడ్డు. మూడు, మెస్ కమిటీలో విద్యార్థులుండాలి. సరుకు తూకం, నాణ్యత వారి ఎదుటే చూడాలి. నాలుగు, ఏడాదికి రెండుసార్లు ప్రతి విద్యార్థి ఎత్తు, బరువు, రక్తంలో హిమోగ్లోబిన్ పరీక్షించి ఇంటికి తెలపాలి. అయిదు, వేసవి సెలవులకు వెళ్లే పిల్లలకు పప్పు, పల్లీలు, బెల్లం ఇచ్చి పంపాలి.

పూర్వ విద్యార్థులైన అన్నలు, అక్కలు ఏటా ఫ్యాన్లు, ప్లేట్లు ఇస్తున్నారు. సంతోషం. ఈ ఏడాది వాటితో పాటు నెలకొక్క పూట వచ్చి పిల్లలతో కలిసి అదే పంక్తిలో కూర్చొని తినండి. పప్పు పలచనైందో లేదో తింటే తెలుస్తుంది. తెలిసినవారు అడిగితే అధికారులు వింటారు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు మాత్రం మెస్ కమిటీ పుస్తకంలో సంతకం పెట్టేముందు చదవండి, చూడండి, తూకం వేయించండి. మన హక్కును మొదట లెక్క చూసుకోవలసినవాళ్లం మనమే.