జమ ఎవరి పద్దుకి?

మా చెల్లెలి మనవరాలికి మెరిట్ స్కాలర్‌షిప్ వచ్చింది. ఊళ్ళోని ప్రభుత్వ విశ్వవిద్యాలయంలోనే బీకాం సీటు. ఫీజు మొత్తం ఆ డబ్బుతో సరిపోతుంది. కబురు తెలియగానే మిఠాయి తీసుకుని వెళ్ళాను. వెళ్ళేసరికి ఇంట్లో సత్యనారాయణ వ్రతం!

"అంతా స్వామి దయ అన్నయ్యా! హాల్ టికెట్ ఆయన పాదాల దగ్గర పెట్టించాం. వచ్చే నెల తిరుపతి వెళ్ళి మొక్కు తీర్చుకుంటాం" అంది చెల్లెలు. బావగారు ఇంకో అడుగు ముందుకేసి, పిల్ల వేలికున్న పగడపు ఉంగరం చూపించారు. పిల్ల మాట్లాడలేదు. ప్రసాదం పంచుతోంది.

నేను రక్షణ శాఖ లెక్కల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. వోచర్ లేని పద్దు ఒప్పుకోవడం నాకు చేతకాదు. కాబట్టి వోచర్లు చూద్దాం.

ఇది కేంద్ర ప్రభుత్వం కాలేజీ విద్యార్థులకిచ్చే స్కాలర్‌షిప్. ఏటా దేశం మొత్తానికి కొత్తగా 82,000 వరకు ఇస్తారు. ఇంటర్‌లో 80వ పర్సెంటైల్ దాటాలి. కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షలు మించకూడదు. సగం ఆడపిల్లలకి. డిగ్రీలో ఏడాదికి 12,000 రూపాయలు నేరుగా విద్యార్థి బ్యాంకు ఖాతాలో పడతాయి. ఇందులో స్వామివారి దయకి కాలమ్ ఎక్కడుంది?

అదే గుడిలో, అదే పాదాల దగ్గర ఫెయిలైన పిల్లల హాల్ టికెట్లు కూడా పెట్టారు. వాళ్ళ మొక్కుల సంగతి ఎవరూ ఎత్తరు. జమ మాత్రమే చూపించి ఖర్చు దాచేసే లెక్కని ఆడిట్‌లో ఏమంటారో మీకు తెలుసు.

ఇది అమాయకపు నమ్మకమే కదా, పోనిద్దురూ అంటారు కొందరు. నేను పోనివ్వను. పాసవడం దేవుడి దయ అయితే ఫెయిలవడం ఏమిటి? ఆగ్రహమా? పూర్వజన్మ పాపమా? 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తరవాత పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఫలితాల తయారీలో తప్పులు దొర్లాయని తరవాత తేలింది. తేల్చింది జాతకం కాదు, పేపర్లు మళ్ళీ తీసి చూడడం. "నా రాత ఇంతే" అనుకునే పిల్ల రీవెరిఫికేషన్ అడగదు.

మన హేతువాదులకీ ఒక మాట. "ఇది స్వచ్ఛమైన మెరిట్, కోటా కాదు" అని ఆ ఇంట్లోనే ఒకరు మీసం తిప్పారు. ఈ పథకంలోనూ రిజర్వేషన్ ఉంది. ఆదాయ పరిమితీ ఉంది. పైగా ఆ డబ్బు ఎవరిది? సబ్బు కొనుక్కుని పన్ను కట్టిన కూలీది కూడా. ఆకాశం నుంచి ఊడిపడిన మెరిట్ ఇంకో రకం మూఢనమ్మకం.

మొక్కు ఖర్చు లెక్క వేశాను. ఏడుగురికి ప్రయాణం, బస, భోజనాలు, హుండీ. పిల్ల ఏడాది స్కాలర్‌షిప్ అక్కడికే సరి!

వచ్చేస్తుంటే పిల్ల గేటు దాకా వచ్చి మెల్లిగా అడిగింది: "తాతయ్యా, నేను చదివింది లెక్కలోకి రాదా?"

వస్తుందమ్మా. మొదటి జమ నీ పద్దుకే. తరవాత మీ లెక్చరర్లకి. ఆ తరవాత పన్ను కట్టే ప్రతి మనిషికీ. అన్నీ పోగా ఏమన్నా మిగిలితే స్వామివారి పద్దుకి రాద్దాం. నేను రెండుసార్లు కూడి చూశాను. నిల్వ సున్నా.