నెహెమ్యా కూర్చిన సభ

పొలాలు తాకట్టులో ఉన్నాయి, పిల్లలు దాస్యానికి పోతున్నారు అని యెరూషలేములోని పేదలు మొరపెట్టుకున్నప్పుడు నెహెమ్యా ఉపవాస ప్రార్థన ప్రకటించి ఊరుకోలేదు. ప్రధానులను గద్దించి, వారికి ఎదురుగా మహాసభను కూర్చాడు (నెహెమ్యా 5వ అధ్యాయం). గోడ కట్టిన కథ మీద ఎన్నో ప్రసంగాలు చేశాం గాని ఈ సభ గురించి మేము చెప్పింది తక్కువ.

యూదులు ఈ పని నేటికీ చేస్తున్నారు. (మన గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలోనూ తెలుగు యూదుల చిన్న సమాజమందిరం ఉంది, ఇక్కడ చెప్పేది మాత్రం అమెరికా సంగతి.) బోస్టన్‌లో 1998లో ఏర్పడిన గ్రేటర్ బోస్టన్ ఇంటర్‌ఫెయిత్ ఆర్గనైజేషన్‌లో చర్చిలు, యూదుల సమాజమందిరాలు, మసీదులు సభ్యులు. ముందుగా ఇళ్లల్లో చిన్న కూటాలు పెట్టి, ఎవరి బాధ ఏమిటో వింటారు. ఆ తర్వాతే వందలమంది కలిసి అధికారులను పిలిచి ఔనో కాదో చెప్పమంటారు. మసాచుసెట్స్‌లో అందరికీ ఆరోగ్య బీమా కోసం 2006లో వచ్చిన చట్టం వెనుక వీరి సంతకాల సేకరణ కూడా ఉంది. రబ్బీని క్రీస్తును ఒప్పుకోమని పాస్టరు అడగడు, పాస్టరును తన విశ్వాసం దాచుకోమని రబ్బీ అడగడు.

సత్యం విషయంలో రాజీ పడతామేమోనన్న భయం మాకూ ఉండేది. కాని బబులోనుకు చెరపట్టబడినవారికి యిర్మీయా రాసిన ఉత్తరం (29వ అధ్యాయం) చూడండి. అన్యదేవతలను కొలిచే ఆ పట్టణపు క్షేమమే కోరమన్నాడు. ఆ ఉత్తరం అందుకున్నవారు నిర్వాసితులే.

నిర్వాసితులంటే పోలవరంలో మనకు వేరే వివరించనక్కర్లేదు. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు మేము బియ్యం మూటలతో వెళ్లి, ముందు మా విశ్వాసుల ఇళ్లే వెతుక్కున్నాం. పక్క గుడారంలోని కోయ అవ్వ మా వైపు చూస్తూ కూర్చుంది. ఆ చూపు మమ్మల్ని ఇంకా వదల్లేదు.

పునరావాస కాలనీలో రోడ్డు, తాగునీరు, బడితోపాటు, అక్కడి కులాల ఆచారాలను బట్టి శ్మశాన స్థలం కూడా ఉండాలని 2013 నాటి భూసేకరణ చట్టం చెబుతోంది. చచ్చినవారిని ఎక్కడ పెట్టాలన్న దిగులు క్రైస్తవులకు ఎంతో, కోయలకూ కొండరెడ్లకూ అంతే. అయినా మన అర్జీల మీద సంఘం ముద్ర ఒక్కటే కనిపిస్తుంది, అదీ డినామినేషన్‌కొకటి!

ఈసారి అర్జీ రాసేముందు కోయ పెద్దల ఇంటికి, గుడి పూజారి దగ్గరకు, మసీదు పెద్దల దగ్గరకు వెళ్లి కూర్చోవాలని అనుకున్నాం. మొదటి రోజు మేమేమీ మాట్లాడం, వింటాం.