మలుపులో మెలకువ

తిన్నటి దారిలో బండి ఎవరైనా నడుపుతారు. అసలు పరీక్ష మలుపు దగ్గరే. అదీ తారు రోడ్డు కాకుండా ఇసుక, మట్టి, గులకరాళ్లు కలిసిన దారైతే? డర్ట్ బైక్ కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా పడేది అక్కడే. చిత్రమేమిటంటే చాలాసార్లు వాళ్లను పడేసేది మట్టి కాదు... రోడ్డు మీద ఏళ్ల తరబడి చేసుకున్న అలవాట్లే!

రోడ్డు మీద మలుపు తిరిగేటప్పుడు బండితో పాటు మనిషీ లోపలికి వాలతాడు. వదులు మట్టిలో అలా వాలితే టైరు జారిపోతుంది. ఇక్కడ బండిని మాత్రమే వంచాలి, ఒళ్లు నిటారుగా ఉండాలి. కుడికి తిరుగుతుంటే ఎడమ ఫుట్‌రెస్టు మీద, ఎడమకు తిరుగుతుంటే కుడి ఫుట్‌రెస్టు మీద బరువు మోపాలి. ఆ బరువుకి టైరు నేలను గట్టిగా పట్టుకుంటుంది. సీటు మీద ట్యాంకు దగ్గరకు జరిగి కూర్చుంటే ముందు చక్రానికీ పట్టు దొరుకుతుంది.

లైసెన్సు పరీక్షలో 'ఎనిమిది' వేస్తూ కాలు కింద పెడితే ఫెయిలే. మట్టిలో మాత్రం మలుపు లోపలివైపు కాలు చాపడమూ పాఠమే. అయితే పక్కకు కాదు, ముందు చక్రం వైపు, నేలకు తగలకుండా చాపాలి. పక్కకో వెనక్కో పెట్టి ఊనితే మోకాలు మెలితిరుగుతుంది.

మరి బ్రేకో? మలుపులోకి వెళ్లాక కాదు. ముందే, బండి నిటారుగా ఉండగానే వేగం తగ్గించుకోవాలి. వంగిన బండికి ముందు బ్రేకు గట్టిగా పట్టారో... చక్రం జారి క్షణంలో నేల మీద ఉంటారు. కుడి మలుపులో ఇంకో తిరకాసు ఉంది. వెనక బ్రేకు నొక్కేది కుడికాలే. అది చాపాక ఆ బ్రేకు లేనట్టే! మలుపు సగం దాటాక యాక్సిలరేటర్‌ని మెల్లగా తిప్పాలి. ఒక్కసారిగా తిప్పితే వెనక చక్రం పక్కకు కొట్టుకుపోతుంది.

వీటన్నిటికన్నా కష్టమైంది చూపు. ఎదురుగా గొయ్యి కనిపిస్తే కళ్లు దాని మీదే ఉండిపోతాయి. భయమున్న చోటికి చూపు, చూపున్న చోటికి బండి! అందుకే మలుపు మొదలవగానే తల తిప్పి, బయటపడబోయే దారినే చూడాలి.

సాధనకు కొండలూ గుట్టలూ అక్కర్లేదు. ఖాళీ మైదానంలో పది మీటర్ల దూరంలో రెండు గుర్తులు పెట్టుకుని, మొదటి గేరులో వాటి చుట్టూ ఎనిమిది ఆకారంలో తిరిగితే చాలు. దాదాపు అందరికీ ఒకవైపు తిరగడం తేలిక, రెండోవైపు కష్టం. కష్టమైన వైపే ఎక్కువసేపు తిరగాలి.

బెంగళూరుకు చెందిన సీఎస్ సంతోష్ 2015లో డకార్ ర్యాలీని పూర్తిచేసిన తొలి భారతీయుడు. మన చిత్తూరు సరిహద్దుకు దగ్గర్లోని కోలార్ ప్రాంతంలో బిగ్ రాక్ డర్ట్ పార్క్ పేరుతో శిక్షణ కేంద్రమూ పెట్టారు. బెంగళూరుకే చెందిన ఐశ్వర్య పిస్సే 2019లో బాహా ర్యాలీల ప్రపంచకప్‌లో మహిళల టైటిల్ గెలిచింది. కాబట్టి ఇది అబ్బాయిల ఆటే అనుకోనక్కర్లేదు. అయితే అంత అనుభవమున్న సంతోష్ కూడా 2021 డకార్‌లో పడి, తలకు తీవ్ర గాయమై ఆసుపత్రి పాలయ్యారు.

అందుకే ఇంట్లో పిల్లలు ఈ సరదా పడితే పెద్దలు వద్దనేముందు, సరేననేముందు అడగాల్సినవి కొన్నున్నాయి. గడ్డం దాకా కప్పే హెల్మెట్ ఉందా? కళ్లద్దాలు, చేతి తొడుగులు, మోకాళ్లకీ మోచేతులకీ రక్షణ, చీలమండ దాటిన బూట్లు ఉన్నాయా? పక్కన నేర్పే మనిషి ఉన్నాడా? చెప్పులేసుకుని చెరువుగట్టు మీద చేసే విన్యాసాలు నేర్చుకోవడం కిందికి రావు.

వేగం సంగతంటారా... అది తర్వాత. నిదానంగా వంద ఎనిమిదులు తిరగడం వస్తే, వేగంగా తిరగడం దానంతటదే వస్తుంది!