తవుటిలోని ఆమ్లము – ఈస్టు నేర్చిన విద్య

ధాన్యము మరపట్టునప్పుడు బియ్యపుగింజనుండి రాలి, పశువుల కుడితిలోనికో నూనెమిల్లులకో పోవు తవుటియందు ఫెరూలిక్ ఆమ్లమను పదార్థము కలదు. 1866లో రసాయనవేత్తలు దీనిని తొలుత ఇంగువజిగురునుండి వేరుచేసిరి. వరి, గోధుమ, జొన్న మొదలగు గడ్డిజాతులన్నియు తమ కణకుడ్యములను దృఢపరచుకొనుటకు దీనినే వినియోగించుకొనును. దాల్చినచెక్కతో సంబంధముగల సిన్నమిక్ ఆమ్లమును ఈ కుటుంబములోనిదే.

మొక్కకు మేలుచేయు ఈ ఆమ్లములు సూక్ష్మజీవులకు విషప్రాయములు. కావుననే ఈస్టు, తనకు హాని చేయవచ్చిన ఆమ్లమునుండి బొగ్గుపులుసు వాయువును తొలగించి, మిగిలినదానిని వేరొక పదార్థముగా మార్చివేయు ఎంజైమును అనాదిగా తనయందు నిలుపుకొన్నది. ఆ ఎంజైము తాకిన ఫెరూలిక్ ఆమ్లము లవంగపువాసనగల వినైల్ గ్వాయకోల్ అగును. బవేరియా గోధుమబీరులోని పరిమళమునకు మూలమిదియే. సిన్నమిక్ ఆమ్లమో, ప్లాస్టిక్కులకు ముడిసరకైన స్టైరీన్ అగును.

ఈ మార్పు వెనుకనున్న రహస్యమును 2015లో మాంచెస్టరు విశ్వవిద్యాలయమున డేవిడ్ లేస్ బృందము వెల్లడించినది. బి2 విటమినునుండి పుట్టిన సహాయకాణువునకు మరియొక ఎంజైము నాలుగవ వలయమును చేర్చుననియు, అట్లు మారిన అణువు ఆమ్లముతో క్షణకాలము వలయాకారముగ పెనవేసికొని, బొగ్గుపులుసు వాయువు వెడలిపోయిన పిమ్మట మరల విడివడుననియు తేలినది. అంతవరకు గాజుపాత్రలలో మాత్రమే రసాయనజ్ఞు లెరిగిన ఇట్టి సంయోగము జీవకణమునందును జరుగుచున్నదని కనుగొనుట, నా యభిప్రాయమున, ఈ శతాబ్దపు జీవరసాయనశాస్త్రమునకు అలంకారము. క్రియాక్రమము తెలిసిన పిమ్మట ఎంజైమును మన అవసరమునకు మలచుట సాధ్యమైనది. యాదృచ్ఛికముగ మార్పులు కల్పించి, వానిలో మేలైనవానిని తరతరములుగ ఏరుకొను పద్ధతికిగాను ఫ్రాన్సెస్ ఆర్నాల్డునకు 2018లో నోబెలు బహుమానము లభించినది. ఆ పద్ధతినే యనుసరించి, 2021 నాటికి ఈ జాతి ఎంజైమునొకదానిని కృత్రిమ రబ్బరునకు పనికివచ్చు ఐసోబ్యూటీన్ వాయువును ఉత్పత్తిచేయునట్లు తీర్చిదిద్దిరి.

2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన బయోఈ3 విధానము ఇట్టి ఉత్పత్తులకే ప్రోత్సాహ మొసగనెంచినది. అందులకు నేను మనసార సంతోషించువాడను. అయినను, మొక్కనుండి పుట్టినంతమాత్రమున వస్తువు నిరపాయకరమను భావము వ్యాపించుటకు మాత్రము సమ్మతింపజాలను. 2011లో అమెరికాలోని అరిజోనా శాస్త్రజ్ఞులు ఈస్టు ఎంజైమునే ఒక బాక్టీరియమునందు ప్రవేశపెట్టి చక్కెరనుండి స్టైరీన్ తీసిరి. అది లీటరుకు సుమారు 260 మిల్లీగ్రాములకు చేరుసరికే ఆ జీవి తాళగల మితి సమీపించినది. చేసిన జీవినే చంపగల పదార్థమది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్టణపు వెంకటాపురమున స్టైరీన్ నిల్వతొట్టి వేడెక్కి వెలువడిన ఆవిరికి 12 మంది బలియైరి. ఆ స్టైరీన్ తవుటినుండి పుట్టియుండినను ఒక్క ప్రాణమైన దక్కెడిది కాదు.

కనుక మన పరిశోధకులు స్టైరీన్‌తో ఆరంభింపక, ఫెరూలిక్ ఆమ్లమునుండి సూక్ష్మజీవుల సాయమున తీయు వనిల్లా పరిమళద్రవ్యమువంటి, కొలది మొత్తమునకే మంచి వెలపలుకు వస్తువులతో ఆరంభించుట యుక్తము. ముడిసరకునకై పశువుల తవుటిని హరింపనక్కరలేదు. తవుడునూనెను శుద్ధిచేయగా మిగులు మడ్డియందే ఈ ఆమ్లము సమృద్ధిగ నుండును, జపానులో దానినుండియే తీయుచున్నారు. హైదరాబాదులోని భారత రసాయన సాంకేతిక సంస్థయు, గోదావరి, కృష్ణా మండలముల నూనెమిల్లులును చేతులు కలిపినచో ప్రథమప్రయోగమునకు వలయు సామగ్రి సమకూరును. అయితే ఆ మడ్డికి ఏర్పడు క్రొత్త వెలలో కొంతభాగము మిల్లువద్ద తవుటిధరగను, అటుపై పొలమువద్ద ధాన్యపుధరగను రైతునకు చేరునట్లు, యంత్రములు నిలుపకముందే ఒడంబడిక వ్రాసికొనవలెను.